దుప్పటి మీద యుద్ధం

శుక్రవారం రాత్రి, ముసఫ్ఫా క్యాంపు,
రెండో అంతస్తు వరండా.
ముస్తఖీమ్ దుప్పటిని గోడకు
నాలుగు మేకులతోని దిగ్గొట్టి
దాని మీద జపాన్‌ను పరిచినం.

మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు అరబ్బీవి.
బోధన్ ముస్తఖీమ్ ఆ అక్షరాలు గడగడ చదువుతడు,
చిన్నప్పుడు మదర్సాల నేర్చిండు,
అర్థం మాత్రం అడగొద్దంటడు.
అందుకని కథ మేమే అల్లుకున్నం.

నెత్తి మీద ముడేసుకున్న ముసలాయన.
నడుముకు రెండు కత్తులు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
సర్కారు కాయితం వచ్చింది:
రేపటి సంది నడుముకు కత్తి ఉండొద్దు.
ఊరవతల మైదానంల
నాట్లేసే పిలగాండ్లకు తుపాకి పట్టుడు నేర్పుతున్నరు.

"క్యాన్సిల్ కొట్టిండ్రు పాపం," అన్నడు పోశెట్టి.
ఎవరూ నవ్వలే.
మనిషి ఉన్నకాడ ఉన్నట్టే ఉంటడు,
కాయితం మీద ఉండడు.
ఆ సంగతికి మాకు తర్జుమా అక్కర లేదు.

చివర్ల గుర్రాలు ఉరికినయి తుపాకుల మీదికి.
గాలికి దుప్పటి ఊగితే
సావాల్సినోళ్లు జానెడు పక్కకు తప్పుకున్నరు,
మళ్ల వచ్చి సచ్చిండ్రు.
వరండా అంతా ఈలలు.

నా కన్ను మాత్రం అంతకుముందే ఒకకాడ చిక్కుకున్నది.
ముసలాయన కత్తి పట్టుకొని కొలిమి కాడికి పోయిన సీను,
నిమిషం కూడ లేదది.
పొగెనుక ఒకడు, మొఖం సరిగ కనవడది,
కత్తికి దండం పెట్టలే, కండ్లనీళ్లు తీయలే.
బొటనేలి గోటితోని ఒక్కటి కొట్టి
చెవి కాడ పెట్టుకున్నడు.

గట్లనే, అచ్చం గట్లనే వినేటోడు మా తాత లింబాద్రి.

కత్తి దించినోని మీద సినిమాలు తీస్తరు.
తెల్లారి కొలిమి ముందర కూసున్నోడు
ఏం చేసిండో ఎవరు తీయలే.
రైలు పట్టాలకు మేకులు కొట్టిండా?
తలుపులకు గొళ్లేలు?
బండి చక్రాలకు కమ్ములు ఎక్కిచ్చుడు బందైన ఏడు
మా తాతను ట్రాక్టరు నాగలి పల్లు ఇచ్చి
వెల్డింగుకు ఆర్మూరు తోలిండ్రు.
గోనెసంచిల మోసుకపోయిండు. మోసుకొచ్చిండు.
అతుకు మీద గోటితోని కొట్టి,
ఏం వినవడ్డదో, ఆ పూట బువ్వ తినలే.

మా పక్కూరు కోనసముద్రం.
పేరుల తప్ప సముద్రం లేదు.
ఒకప్పుడు ఆడ ఉక్కు ముద్దలు కాగేటివి.
పారసీక వర్తకులు ఊర్లె దిగి, దగ్గరుండి చూసి
కొనుక్కపోయేటోళ్లట, కత్తులు చేసుకునేతందుకు.
ఈ నీళ్ల మీదికెల్లే పోయి ఉంటయి.
ముద్దకు పాసుపోర్టు లేదు, ఏజెంటు లేడు.
కొలుములారి ఎన్ని తరాలకో
నేనొచ్చిన, లక్షా పది వేలు కట్టి.

నా మిషిన్ జపాన్‌ది.
నంబరు కొడితే పన్నెండు మిల్లీల రేకును
గడ్డపెరుగు లెక్క కోస్తది.
ఆర్నెల్లకోసారి దాన్ని చూడ కురమోచి సారు వస్తడు,
సన్నటి మనిషి,
మిషిన్ ముందర జర వంగి, అప్పుడు బోల్టు ఇప్పుతడు.
మొన్న వచ్చినప్పుడు అడిగిన,
సగం ఇంగ్లీషు, సగం చేతులు:
మీ తాత సమురాయా?
నవ్విండు.
మాది నూడుల్స్ కొట్టు, అన్నడు,
సమురాయిలను నేను కూడ సినిమాలనే చూసిన.

ఇద్దరం సులేమానీ తాగినం.
పోయేముందు కోసిన ముక్క చేతికి తీసుకొని
గోటితోని ఒక్కటి కొట్టిండు.
విన్నడు.
నాకిచ్చిండు. నేను విన్న.
నూడుల్స్ కొట్టుల ఎవరు నేర్పిండ్రో అది, అడగలే.

ఆ శుక్రవారం సినిమా అయినంక
ముస్తఖీమ్ మేకులు పీకి
అదే దుప్పటి కప్పుకొని పన్నడు.
పొద్దుగాల లేచి వెలుతురుకు పట్టి చూసిండు.
"గుర్రాలేమో గని, నాలుగు తూట్లు మిగిలినయి.
సూదిదారం ఉన్నదా ఎవరి దగ్గరన్న?"